ఊక బూడిదలో ఉన్నది మందును మోయగల సిలికా

సంపాదకులకు,

అయ్యా,

మండపేట పరిసరాల్లో ఉప్పుడు మిల్లుల బాయిలర్లు నడిచే రోజుల్లో డాబా మీద ఆరవేసిన బట్టలపై నల్లటి నుసి రాలడం మాకు అలవాటే. ఆ ఊక బూడిదను పల్లపు స్థలాల్లోకి తోలించి వదిలించుకుంటున్నాం. ఊకను బాగా కాల్చగా మిగిలే బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా ఉండేది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మందును లోపల నింపుకొని నెమ్మదిగా విడిచిపెట్టే రంధ్రాల నానో రేణువులను (కంటికి కనిపించనంత సూక్ష్మమైనవి) తయారు చేసేదీ సిలికాతోనేనని, రసాయనశాస్త్రం బోధించినవాడిగా పాఠకుల దృష్టికి తేదలచాను.

మా అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించారు. ఆ ఎర్రటి మందు గొట్టంలోంచి దిగుతుంటే పక్కనే కూర్చున్నాను. మూడో విడతకు నోరంతా పూసి, మజ్జిగన్నం కూడా మింగలేక ఏడ్చింది. మందు కణితికే పరిమితం కాకుండా ఒళ్లంతా పాకడమే దీనికి కారణం. అది గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది కనుక మొత్తం మోతాదుకు వైద్యులు హద్దు పెట్టుకుంటారు.

1992లో మోబిల్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎంసీఎం-41 అనే రంధ్రాల సిలికాను ప్రకటించారు. సబ్బు వంటి అణువులు నీటిలో కడ్డీల్లా గుమిగూడినప్పుడు వాటి చుట్టూ సిలికా గట్టిపడుతుంది. ఆ అణువులను కాల్చి తీసేస్తే తేనెపట్టు గదుల్లా రెండు మూడు నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు) రంధ్రాలు మిగులుతాయి. ఒక్క గ్రాము పొడిలో ఆ గోడల వైశాల్యం దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు పాతిక సెంట్ల నేల. 2001లో స్పెయిన్‌లో మరియా వాలెట్-రెగీ బృందం ఈ రంధ్రాల్లో ఇబుప్రొఫెన్ అనే నొప్పి మందు నింపి, అది మెల్లగా వెలువడుతుందని చూపింది. ఆ తరువాత రంధ్రాల మూతికి తలుపులు అమర్చి, కణితి దగ్గరి ఆమ్లత్వానికే అవి తెరుచుకునేలా చేసే ప్రయత్నాలు సాగాయి. రేణువు మరీ పెద్దదైతే కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. పైపూత లేని సిలికా ఎర్రరక్తకణాలను చిట్లించగలదు. అందువల్ల పరిమాణం, రంధ్రం, పూత మూడింటినీ కలిపి రూపొందించవలసి ఉంటుంది.

ఇక్కడే మన బాయిలర్ల వేడి సంగతి ముఖ్యమవుతుంది. ఊకను 600, 700 డిగ్రీల దగ్గర అదుపుగా కాలిస్తే స్ఫటికం కాని సిలికా వస్తుంది. అది కాస్టిక్ సోడాలో సులువుగా కరిగి, ఈ రేణువుల తయారీకి పనికొచ్చే సోడియం సిలికేట్ అవుతుంది; అలా తయారైన రేణువులు శరీరంలో క్రమంగా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మూత్రంలో పోతాయి. వేడి బాగా మించితే స్ఫటిక సిలికా ఏర్పడుతుంది. దాని ధూళిని పీల్చడం క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది కాబట్టి బూడిద ఎత్తే కూలీలకు మాస్కులు తప్పనిసరిగా ఇవ్వాలి.

తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థులు డెల్టా మిల్లుల బూడిద నమూనాలను, ఏ బాయిలర్‌లో ఎంత వేడికి కాలిందో నమోదు చేసుకుని పరీక్షించాలని, మిల్లర్లు అందుకు సహకరించాలని కోరుతున్నాను. ఇది రోగి దాకా చేరాలంటే జంతు పరీక్షలు, మానవ పరీక్షలు దాటాలి, ఏళ్లు పడుతుంది. నమూనాల సేకరణను మాత్రం వచ్చే దాళ్వా కోతల నాటికే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
మండపేట.