కన్నీళ్ళు పెట్టించడం చికిత్స కాదు

సంపాదకులకు నమస్కారం.

లైంగిక నేరాలు చేసినవాళ్ళకు జైల్లో థెరపీ అవసరమా అంటూ మీ శీర్షికలో వచ్చిన ఉత్తరాలు చదివాను. ‘వాళ్ళ మీద జాలేమిటి?’ అన్నవాళ్ళే ఎక్కువ. ఆ కోపం నాకు కొత్త కాదు. 2019 డిసెంబరులో హైదరాబాద్ దగ్గర రేప్ కేసు నిందితుల్ని పోలీసులు ఎన్‌కౌంటర్ చేసిన పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పోలీసులు చంపాలనే కాల్చారని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చినప్పుడు మాత్రం ఆ గ్రూపులో ఎవరమూ నోరు మెదపలేదు.

సానుభూతి, సహానుభూతి అని మనకు రెండు మాటలున్నాయి. వినడానికి ఒక్కలాగే ఉంటాయి గానీ, మొదటిది ‘పోనీలే పాపం’ అంటుంది. రెండోది అవతలి మనిషి లోపల ఏం నడుస్తోందో పట్టుకుంటుంది, అంతే. చేసిన పనిని మాఫీ చేయదు.

కొన్నేళ్ళ కింద ఒక బాలుర గృహంలో తెలుగు తెలిసిన మనిషి కావాలంటే వెళ్ళాను. సీమ నుంచి బిల్డింగ్ పనులకొచ్చిన కుటుంబం, ఒక పాప మీద లైంగిక నేరం చేసి అక్కడికొచ్చిన పదహారేళ్ళ పిల్లాడు. కౌన్సెలర్‌కు కన్నడం, ఇంగ్లీషు వచ్చు. వాడికి తెలుగు తప్ప ఏదీ రాదు. మొదటి రోజే ‘తప్పయిపోయిందక్కా’ అని నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు. నేను కరిగిపోయాను. కౌన్సెలర్ కరగలేదు, కసురుకోనూ లేదు. మూడో వారం మెల్లగా అడిగింది: ‘ఆ పాప ఆ రోజు ఇంటికెలా పోయింది?’ వాడు బొటనవేలితో గచ్చు గీకుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి ‘నేను సూడలేదు’ అన్నాడు. తర్వాతి వారం వాడే మొదలుపెట్టాడు. ‘చెప్పులు ఆడనే ఉండిపోయినాయక్కా. ఉత్త కాళ్ళతో పోయింటాది. ఆడంతా కంకర.’ ఈసారి ఏడవలేదు.

నేరం చేసినవాడికి బాధితురాలి బాధ తెలిసేలా చేస్తే చాలని ఆ రోజు అనుకున్నాను. అది చాలదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండు జైళ్ళలో పాతికేళ్ళ పాటు నడిచిన కార్యక్రమంలో బాధితుల బాధను ఎరుకపరచడం ఒక ముఖ్యభాగం. 2017లో లెక్క తీస్తే, అందులో చేరినవాళ్ళలో 10 శాతం, చేరనివాళ్ళలో 8 శాతం మళ్ళీ లైంగిక నేరం చేశారు. దాన్ని ఎత్తేసి వేరేవి పెట్టారు. మళ్ళీ నేరానికి దిగేలా చేసేవి ముఖ్యంగా వికృతమైన లైంగిక ఆసక్తి, దేన్నీ లెక్కచేయని స్వభావం అని కెనడా పరిశోధకులు 2005లో చెప్పారు. అదే దేశపు పరిశోధకుడు విలియం మార్షల్ బృందం గమనించింది ఇంకొకటి: అరిచి నిలదీసే థెరపిస్టు కంటే, మనిషిని మనిషిగా చూస్తూనే దారి తప్పనివ్వని థెరపిస్టు దగ్గర మార్పు ఎక్కువ. అంటే సహానుభూతి ముందు ఉండాల్సింది కుర్చీకి ఇవతల, థెరపిస్టులో. ఆ తర్వాతే అసలు పని: కోరిక లేచినప్పుడు ఏం చేయాలి, ఏ చోటికి పోకూడదు, తాగుడు, ఒంటరితనం, బయటికొచ్చాక ఉద్యోగం. విసుగు పుట్టించే పనే. టీవీ చర్చలకు పనికిరాదు.

‘బాధితులకే కౌన్సెలింగ్ దిక్కులేదు, వీళ్ళకా?’ అని ఒక పాఠకురాలు రాశారు. న్యాయమైన ప్రశ్న. ఆ పాప సంగతి నేనూ అడిగాను. వాళ్ళు వేరే సైటుకు వెళ్ళిపోయారన్నారు. బాధితులకిచ్చే డబ్బులోంచి పైసా తీయమని నేననను. కానీ మన దేశంలో రేప్ కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్ళే. 2019లో పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టంలో ఉరిశిక్ష చేర్చాం. అయినా ఎక్కువమంది ఏదో ఒకరోజు బయటికొస్తారు, అదే వీధికి, ఒక్కోసారి అదే ఇంటికి.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రాష్ట్రానికి కనీసం ఒక జైల్లోనైనా మానసిక వైద్య విభాగం ఉండాలి. ఈ నేరాలు చేసినవాళ్ళలో చాలామందికి జబ్బు పేరేమీ ఉండదు కాబట్టి దాంతోనే సరిపోదు, విడిగా థెరపీ కావాలి, అదీ వాళ్ళ భాషలో. మా ఊళ్ళో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నుంచి పరప్పన అగ్రహారం జైలుకు హోసూరు రోడ్డు పట్టుకుంటే చాలు. కర్ణాటక జైళ్ళ శాఖ ముందు అక్కడ మొదలుపెట్టాలి. తెలుగుకు మనిషి కావాలంటే నేను మళ్ళీ వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు