వచ్చెయ్ అన్న మాట గురించి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు వెల్లూరు నర్సింగు కాలేజీ నుంచి ఫోను చేసి, ఉండలేనని ఏడుస్తుంటే తట్టుకోలేక "అయితే వచ్చెయ్యమ్మా" అనేశాను. అప్పట్నుంచి మిషను ముందు కూర్చుంటే చెయ్యి ఆడడం లేదు. నిన్న ఒకాయన చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోనులో చెబితే నువ్వు మళ్ళీ ఏడుస్తావు, నేను మళ్ళీ వచ్చెయ్ అంటాను. అందుకే కాగితం. బడిలో అంతా ఒడియానే కాబట్టి నీకు తెలుగు చదవడం కాస్త నెమ్మది. పెద్ద అక్షరాలు రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

పేషెంటు "వలిక్కుదు" అంటే నీకు "ఒలికింది" అని వినపడి, గుడ్డ పట్టుకుని మంచం కింద నీళ్ళ కోసం వెతికావట. తమిళంలో అది నొప్పి అని పక్కావిడ చెప్పేసరికి నవ్వులు. నొప్పితో ఉన్న మనిషి కూడా నవ్విందన్నావు. అంత నొప్పిలో ఆవిడని నవ్వించావంటే నాకైతే సంతోషమే. నీకు సిగ్గేసిందని తెలుసు. కానీ ఆ ఒక్క మాట ఇక జన్మలో మరిచిపోవు కదా.

మన ఊళ్ళో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను. తెలుగు వాళ్ళందరికీ ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషి. మన ఏజెన్సీలో సవరలకు మాత్రం వాళ్ళ మాట నేర్చుకున్న మనిషి. అప్పటికి సవరకు పుస్తకం లేదు, లిపి లేదు. సవరలతో కూర్చుని, వాళ్ళు అన్నది విని, రాసుకుని నేర్చుకున్నారు. ఆయన సవర నిఘంటువు 1938లో అచ్చయ్యింది, ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి చెవులు పోగొట్టుకున్నారు. క్వినైన్ ఎక్కువైతే వినికిడి దెబ్బతింటుందని మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. నీకు చెవులు బాగానే ఉన్నాయి, చుట్టూ రోజంతా తమిళం మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆరు నెలలు చూడు. జార్ఖండ్ నుంచీ బెంగాల్ నుంచీ కూడా వెల్లూరు వస్తారని నువ్వే చెప్పావు. మన ఒడిశా వాళ్ళు వచ్చినప్పుడు నీ ఒడియా ఎంత పనికొస్తుందో!

ఇక పొద్దున ప్రార్థన. మనం క్రైస్తవులం కాదు కదా, నిలబడాలా వద్దా అన్నావు. నిలబడు. నీ మనసులో పాతపట్నం నీలమణి దుర్గమ్మను తలుచుకుంటావో, ఊరికే కళ్ళు మూసుకుంటావో అది నీ ఇష్టం. మీ పెదనాన్న మాత్రం ఇంకా "కిరస్తానీ చదువు, నలుగురి ఒళ్ళూ ముట్టుకునే ఉద్యోగం, రేపు సంబంధాలెలా వస్తాయి" అంటూనే ఉన్నాడు. ఆయనకు షుగరు. ఇంజెక్షను ఎవరు చేస్తారో అడగాలని నోటిదాకా వచ్చింది, మీ అమ్మ కళ్ళతోనే ఆపేసింది.

మీ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ కథ మామ్మకు చెప్పాను. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి, పురుడు రాక అవస్థ పడుతున్న మా ఆడవాళ్ళని చూడమని ఆవిణ్ణి అడగడం, ఆవిడేమో నాకు వైద్యం రాదు, మా నాన్న డాక్టరు, ఆయన్ని పంపుతానంటే మగ డాక్టరు వద్దని వాళ్ళు వెళ్ళిపోవడం, తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోవడం. అమెరికా వెళ్ళి డాక్టరై 1900లో తిరిగొచ్చి, ఒక్క మంచంతో మొదలుపెట్టిందనీ, 1909లో నర్సుల బడి పెట్టిందనీ, 1946లో అక్కడే నర్సింగు డిగ్రీ మొదలైందనీ కూడా చెప్పాను. మామ్మకు ఆ సంవత్సరాలేవీ ఎక్కలేదు. చాలాసేపు ఊరుకుని, "మా అక్క కూడా అట్లాగే పోయింది. మాకు వద్దనడానికి కూడా డాక్టరు లేడు" అంది. ఆ అక్క గురించి నేను పుట్టి ఇన్నాళ్ళకు వినడం ఇదే మొదలు.

నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మామ్మకు తుంటి విరిగింది గుర్తుందా? కదిపితే నొప్పి అని మనమే కదపకుండా ఉంచాం. నడుం కింద పుండు పడింది. కట్టు కట్టడానికి వచ్చిన నర్సు దిదీ దుప్పటి ముడత చూపించి, "మందు కంటే ముందు ఇది సరిచెయ్యండి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి" అంది. పాతికేళ్ళు బట్ట మీద బతికినవాణ్ణి, ముడత మనిషి ఒంటిని కొరుకుతుందని నాకు తెలియలేదు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి తిప్పింది నువ్వే. మేం నిద్రపోయేవాళ్ళం. ఇప్పుడు అక్కడ దుప్పటి మూలలు ఏటవాలుగా మడిచి పరుపు కిందకు దోపడం నేర్పుతున్నారన్నావు. వచ్చినప్పుడు నాకూ చూపించు.

దసరాకి టికెట్ తీసేటప్పుడు కాట్పాడిలో బొకారో రైలు ఎక్కితే తిన్నగా విజయనగరంలో దిగొచ్చు, అక్కడికి నేనొస్తాను. యూనిఫాం నడుం దగ్గర వదులైందన్నావు కదా, అంటే తిండి తగ్గింది. కొలత పంపు, కానీ కుట్టు బిగించను. తినే దాకా పిన్ను పెట్టుకో.

మామ్మకు నీ తమిళ మాట తెగ నచ్చింది. నిన్నట్నుంచి మెట్లెక్కినప్పుడల్లా మోకాలు పట్టుకుని "వలిక్కుదు, వలిక్కుదు" అంటోంది. మీ అమ్మ ఒకసారి నిజంగానే గుడ్డ పట్టుకొచ్చింది.

మీ నాన్న