ఏప్రిల్ పోయేదాకా ఆ పొదలను ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండ దగ్గర ఒక సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్తాను. ఏటా శివరాత్రి పోయి చలి తగ్గాక, ఆదివారాలు పొద్దున్నే పిల్లలను చెరువుకు తీసుకెళ్లి పిట్టలను చూపిస్తాను. మొన్న ఆదివారం పన్నెండు మందిమి ఆరు గంటలకల్లా కట్ట ఎక్కాం. మత్తడికి అవతల జమ్ము, దాని వెనక సర్కారు తుమ్మ, లంటానా పొదలు ఉండాల్సిన చోట అంతా నల్లటి బూడిద. పొగ వాసన కూడా ఇంకా పోలేదు. ఫిబ్రవరిలో అక్కడే నాలుగు రకాల వార్బ్లర్లను (పొదల్లో, చెట్లలో పురుగులు ఏరుకుతినే చిన్న పిట్టలు) చూసి రాసుకున్న ఏడో తరగతి అమ్మాయి, నోటుబుక్కులో ఆ పేజీ తీసి "టీచర్, ఇదే జాగ కదా?" అని అడిగింది.

సగం కాలిన ఒక లంటానా పొదలోంచి "చక్... చక్" అని ఒక్క పిట్ట అరుస్తూనే ఉంది. కదలకుండా కూర్చుంటే కాసేపటికి కనిపించింది. మట్టిరంగు వీపు, తెల్లగా పాలిపోయిన పొట్ట, పొడుగాటి ముక్కు. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. మాడిన ఆకుల కింద పురుగుల కోసం వెతుక్కుంటోంది.

వార్బ్లర్లను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. పాలపిట్టకున్న రంగులు వీటికి లేవు, కొంగలా దూరం నుంచి కనపడవు, ఒక్క కొమ్మ మీద నిమిషం నిలవవు. గ్రీనిష్ వార్బ్లర్ బరువు దాదాపు పది రూపాయల బిళ్లంత. అంత పిట్ట రష్యా, సైబీరియా వైపు నుంచి ఎగిరొచ్చి, దసరా నాటికి మన చింతచెట్లలో ఉంటుంది. చలికాలమంతా తన చెట్లలోకి తన జాతి పిట్ట ఇంకోటి రాకుండా "చిస్వీ, చిస్వీ" అని అరుస్తూ కాపలా కాసుకుంటుంది. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లిపోతుంది.

వీటిని చూడాలంటే ఇదే కాలం. చాలా చెట్లు ఆకు రాల్చి, మోదుగులు పూసి ఉంటాయి. ఇన్నాళ్లూ ఒకటే ముక్క అరిచిన వార్బ్లర్లు, పోయే ముందు సన్నగా పాట అందుకుంటాయి. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అయితే వేరే పిట్టల గొంతులు కూడా కలిపి పాడుతుంది. మగ తేనెపిట్ట నీలంగా మెరుస్తుంటుంది, నల్లంచి గోడ మీద కూర్చుని ఈల వేస్తుంది. ఫోన్ అడగకుండా పిల్లలు రెండు గంటలు నిశ్శబ్దంగా కూర్చోవడం నేను ఈ ఆదివారాల్లోనే చూశాను.

కానీ పిట్టలకు ఇదే టెన్షన్ కాలం. వేల కిలోమీటర్ల ప్రయాణానికి ముందు పురుగులను తెగ తిని ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి. ఆ కొవ్వే వాటికి దారి బత్తెం. చుట్టూ గుట్టలు, చేలు ఎండిపోయాక పచ్చదనం, పురుగులు మిగిలేది చెరువు అంచునే. సరిగ్గా అప్పుడే మనం దాన్ని తగలబెడుతున్నాం. (అడవిలో ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాల్చడం ఇంకా పెద్ద సంగతి. దాని మీద ఇంకో ఉత్తరమే రాయాలి.)

పొదలు కొట్టిన కూలీలను నేను తప్పుపట్టను. శుభ్రం చేయమన్నారు, చేశారు. కట్ట మీద చెట్లు పెరిగితే వేర్లు దిగి నీళ్లు ఊరతాయి, కట్టకు ముప్పు. అది నాకూ తెలుసు. కట్టను ఏటా శుభ్రం చేయాల్సిందే. కానీ ఇక్కడ కాల్చింది కట్ట మీద కాదు, శిఖం వైపు, అంటే చెరువు లోపల నీళ్లు నిలిచే భూమి వైపు. అక్కడ జమ్ము ఉంటే కట్టకు వచ్చే నష్టమేమీ లేదు. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు నీళ్లు బాగా కనపడాలని కొట్టించినట్టుంది. నీళ్లు కనపడటానికి నాలుగు చోట్ల ఖాళీ చేస్తే చాలు.

నేను అడిగేది కొంచెమే. శిఖం వైపు పొదల పని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా ఆపండి. మే నెలలో, వానలు పడకముందే చేయండి, అదీ ఒక్కసారే అంతా కాకుండా ఏటా కొంత. ఎప్పుడు చేసినా నిప్పు మాత్రం పెట్టకండి. కోసిన జమ్మును ఒడ్డున కుప్ప వేస్తే అదే ఎరువవుతుంది.

పిట్టలు చూడటానికి వచ్చేవాళ్లకూ ఒక మాట. పాకాల చెరువు వైపు కొందరు స్పీకర్‌లో పిట్ట పాట పెట్టి, అది దగ్గరికి రాగానే ఫొటోలు తీస్తున్నారు. ఏడాదంతా ఇక్కడే ఉండే పిట్టలకు ఇది గూళ్లు కట్టే కాలం. ఆ పాట వినగానే నల్లంచి మగపిట్ట తన జాగలోకి ఇంకోటి వచ్చిందనుకుని గూడు వదిలి కొట్లాటకు వస్తుంది. పది మంది పది సార్లు పెడితే దానికి పిల్లలను సాకే తీరిక ఎక్కడిది? పాకాల అంటే 800 ఏళ్ల కిందట కాకతీయుల కాలంలో కట్టిన చెరువు, 1952 నుంచి అభయారణ్యం. అక్కడైనా స్పీకర్లు ఆపి, పిట్ట తనంతట తాను వచ్చేదాకా ఆగుదాం.

మా చెరువు చుట్టూ తూము వైపున కొంత జమ్ము ఇంకా మిగిలింది. దాన్నైనా ఈ ఏడాది ముట్టుకోవద్దని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను. ఏ మూల వదలాలో తెలియకపోతే మా పిల్లలే చూపిస్తారు. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి మత్తడి దగ్గరే ఉంటాం.

– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ