నాన్న చిట్టాలో మిగిలిపోయిన బాకీలు

మాది మందస మండలంలో సముద్రం వైపు ఊరు. నాన్నకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మొన్న అమ్మా నేనూ కొట్టు సామాను సర్దుతుంటే పాత చిట్టాల కట్ట బయటపడింది. అరువులన్నీ ఆయన ఉండగానే ఒక్కొక్కటీ కొట్టేసి ఉన్నాయి. రాని బాకీలకు కూడా పక్కన "పోనీ" అని రాసి గీత గీసేశారు. 2018 చిట్టాలో ఒక్క పేజీ మాత్రం గీత లేకుండా అలాగే ఉంది. పైన "మనం ఇవ్వవలసినవి" అని రాసి ఉంది. కింద ఐదు పద్దులు, ఒక్కదానికీ పేరు లేదు. తేదీ అక్టోబరు 13.

తిత్లీ తుపాను మా దగ్గర తీరం దాటింది 11వ తేదీ తెల్లవారుజామున. అంటే ఆ పేజీ మూడో రోజుది. ఆ రోజు నేనూ నాన్న పక్కనే ఉన్నాను. ఈ ఐదుగురికీ (లెక్కగా చూస్తే పదిమందికి) అప్పుడు థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తు లేదు. అంత టెన్షన్. వాళ్ల పేర్లూ ఊళ్లూ తెలియవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లెవరైనా చదివి "ఇది నేనే" అనుకున్నా, "మా మావయ్య ఇలాంటిదేదో చెప్పాడే" అనుకున్నా దయచేసి ఒక మాట చెప్పండి.

బయటి జిల్లాల వాళ్లకు కొంచెం చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాలనూ ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ చెట్ల నీడలోనే ఇంటికొకరికి కిడ్నీ జబ్బు అన్నట్టు ఉంటుంది. ఎందుకొస్తోందో ఎన్ని పరిశోధనలు చేసినా ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. మా వైపు సంతకం పెట్టడం రాని ముసలమ్మలు కూడా "క్రియాటినిన్ ఎంతుందట?" అని అడుగుతారు, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె అది. నాన్నకు అంతకు ముందు ఏడాది నుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్.

గాలి గురువారం కొట్టింది. శుక్రవారం వంతు పోయింది. కరెంటు స్తంభాలన్నీ పడుకున్నాయి. డయాలసిస్ మిషను నడవాలంటే కరెంటొక్కటే చాలదు, ఒక మనిషికి ఒక్కసారికి నూరు లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. దగ్గర్లో రెండూ లేవు. శనివారం పొద్దున్నకి నాన్న పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఆయాసం. ఫోన్లు పలకవు, అంబులెన్స్‌కి చెప్పే దారి లేదు. దసరా సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను నేను. తమ్ముడు బండి తీశాడు, మధ్యలో నాన్నని కూర్చోబెట్టి వెనక నుంచి నేను పట్టుకున్నాను. ఎలాగైనా శ్రీకాకుళం చేరాలి.

మొదటి పద్దు: "చెట్లు నరికినవాళ్లు, ఆరుగురు. పూట కూలి 200 చొప్పున 1200."

ఊరు దాటగానే దారి లేదు, తోటే దారికి అడ్డంగా పడుకుని ఉంది. కొబ్బరిచెట్టు పెద్దకొడుకుతో సమానం అంటుంది అమ్మ. ఆ రోజు ఎంతమంది కొడుకుల్ని దాటామో. నాన్న మాత్రం "సీతాకోకచిలుకని పేరెట్టారట దీనికి, ఏటి పేర్లో" అని ఆయాసపడుతూనే నవ్వారు. తిత్లీ అంటే హిందీలో అదే కదా. ఒక చోట ఆరుగురు మగవాళ్లు గొడ్డళ్లతో మానులు నరుకుతున్నారు. పడిన చెట్లలో వాళ్లవీ ఉండే ఉంటాయి. మమ్మల్ని చూసి పని ఆపారు. ఇద్దరు బండిని ఎత్తి మానుల మీదుగా అవతలికి దించారు, ఒకాయన నాన్నని చిన్నపిల్లాడిలా వీపు మీద వేసుకున్నాడు. "మెల్లిగా, మెల్లిగా" అని మిగతా వాళ్లు. అలా నాలుగు చోట్ల మా వెంటే నడిచి దాటించారు. అయిదో చోటికొచ్చేసరికి వెనక్కి చూస్తే లేరు, మళ్లీ గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది.

రెండో పద్దు: "గళ్ల లుంగీ కుర్రాడు, గెడ్డ దగ్గర. పెట్రోలు 2 లీ. 175."

నాన్నకు పేరు తెలియని ఖాతాదారుల్ని ఇలా ఆనవాలుతో రాసుకోవడం అలవాటు. "ఎర్ర సైకిలు", "మూల ఇంటి కోడలు" అని. బండి గెడ్డ (వాగు) దగ్గర ఆగిపోయింది. కరెంటు లేక బంకులు పనిచేయడం లేదు. ఆ కుర్రాడు తన బండి ట్యాంకులో పైపు పెట్టి నోటితో లాగాడు. మొదటిసారి పెట్రోలు నోట్లోకి వెళ్లిపోయింది. ఉమ్మేసి, గెడ్డ నీళ్లతో పుక్కిలించి, మళ్లీ లాగి మా సీసా నింపాడు. తమ్ముడు డబ్బులు తీస్తే, "మీకు ముందు ఖర్చుంది, ఉంచండన్నా" అన్నాడు. అదే రోజు అదే రోడ్డు మీద ఒకాయన కొవ్వొత్తి ఇరవై రూపాయలకు అమ్మాడు. ఆయన సంగతి నాన్న రాయలేదు, నేనూ రాయను.

మూడో పద్దు చూసి అమ్మ ముందు నవ్వింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచినీళ్లు అర గ్లాసు. 1 రూ."

హైవే ఇంకా కొంచెం దూరం ఉందనగా నాన్న నాలుక పిడచకట్టుకుపోతోందన్నారు. ఒక ఇంటి ముందు ఆగాం. ఇల్లంటే గోడలే, పైకప్పు రేకులు ఎదురుగా చేలో ఉన్నాయి. వాకిట్లో రాలిన బొండాలు కుప్పగా పోసి ఉన్నాయి. ఆ రోజుల్లో మా దగ్గర తాగడానికి నీళ్లు కరువు, కొబ్బరినీళ్లు మాత్రం ఎన్నంటే అన్ని. ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. మేం అడగకుండానే ఒక బొండాం చెక్కి తెచ్చింది. నేను చెయ్యి చాచి అందుకోబోయాను కూడా. నాన్న చొక్కా చెయ్యి పైకి జరిగి ఉంది. మోచేతి దగ్గర డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా నరం తాడులా ఉబ్బి కనిపిస్తోంది. ఆవిడ చూపు దాని మీద పడింది. నా చేతికి వచ్చిన బొండాన్ని గభాల్న వెనక్కి లాక్కుంది.

"డయాలిసా బాబూ? వద్దు, వద్దు. ఈ నీల్లు తాగితే గుండె ఆగిపోద్ది. మా ఇంటాయనకీ అదే."

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయని వాళ్లకు అది ప్రమాదం. ఆ సంగతి నాకు తెలియక కాదు. నాన్న ఆహారం చీటీ ఇంట్లో గోడకి అంటించిందే నేను. కానీ ఆ క్షణానికి అది బుర్రలో లేదు. ఆవిడ బొండాం కింద పెట్టి లోపలికెళ్లి బిందె అడుగున ఉన్న మంచినీళ్లు తెచ్చింది. అర గ్లాసే. కిడ్నీ మనిషికి ఎంత నీళ్లు ఇవ్వాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "గటగటా తాగీకు, నోట్లో ఉంచుకుని మింగు" అంది. తువ్వాలు కొస తడిపి నాన్న పెదాలు తనే తుడిచింది. ఆ ఇంటాయన ఎలా ఉన్నారని నేను అడగలేదు. ఇంట్లో ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు.

ఆ ఇల్లు వెతుక్కుంటూ తర్వాత రెండుసార్లు వెళ్లాం. పడిన చెట్లన్నీ తీసేశాక దారే మారిపోయింది, పోల్చుకోలేకపోయాం.

నాలుగో పద్దు: "విజయనగరం వ్యాను. 300. టార్చి తిరిగి ఇవ్వాలి."

హైవే ఎక్కగానే నాన్న ఇక కూర్చోలేకపోయారు. విజయనగరం నుంచి మా ఊళ్లకు పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు పట్టుకొచ్చిన వ్యాను ఖాళీగా తిరిగి వెళ్తోంది. తమ్ముడు రోడ్డు మధ్యలో నిలబడి ఆపాడు. వెనక పట్టా పరిచి నాన్నని ఆనించి కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. తమ్ముడు బండి అక్కడే ఒక షాపు దగ్గర పెట్టేసి ఎక్కాడు. టెక్కలి, నరసన్నపేట దాటి శ్రీకాకుళం ఊళ్లోకి, ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకొచ్చి దింపాడు డ్రైవరు. దిగేటప్పుడు సీటు కింద నుంచి టార్చి తీసి నా చేతిలో పెట్టి, "మీ ఊళ్లో ఇప్పట్లో కరెంటు రాదమ్మా" అన్నాడు. నిజమే, పది రోజులు దాటాకే వచ్చింది.

అయిదో పద్దు: "డయాలసిస్ వంతు. ఆ అమ్మాయి." దీని ఎదురుగా అంకె లేదు. అర గ్లాసు నీళ్లకు రూపాయి వేసిన మనిషి, ఇక్కడ ఏమీ వేయకుండా వదిలేశారు. కింద మొత్తం కట్టారు: 1676, ప్లస్ టార్చి.

ఉద్దానం వాళ్లందరం శ్రీకాకుళం మీదే పడ్డాం ఆ రోజు. సెంటరు వాళ్లు మాత్రం ఏం చేస్తారు, మంచాలెన్నో మిషన్లు అన్నే. ఆఖరి షిఫ్టులో కూడా అన్నీ నిండిపోయాయి, రేపు చూద్దాం అన్నారు. బెంచీ మీద, తన భుజానికి ఆనుకుని తల్లి కూర్చుని ఉండగా, ఒక అమ్మాయి మమ్మల్నే చూస్తోంది. ఇరవై ఏళ్లుంటాయేమో, పచ్చ చుడీదార్. తల్లి చెవిలో ఏదో అడిగింది. ఆ తల్లి మా నాన్న వైపు చూసి తలూపింది. ఆ అమ్మాయి లేచి సిస్టర్ దగ్గరికెళ్లి, "మా అమ్మకి పోయిన మంగళవారం అయింది, ఇంకా తట్టుకోగలదు. ముందు ఆయన్ని ఎక్కించండి మేడమ్" అంది. అంతే. నాకు నోట మాట రాలేదు. నాన్నని లోపలికి తీసుకెళ్లారు. నాలుగు గంటల తర్వాత బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

ఆయాసం తగ్గాక నాన్న అడిగిన మొదటి మాట, "రేపు ఆదివారం కదమ్మా, ఆదివారం చేస్తారా?"

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచాక చివరి రోజుల్లో అక్కడికే వెళ్లేవారు. ఎక్కడ డయాలసిస్ చేయించుకున్నా ముందు బెంచీల మీద కూర్చున్న వాళ్లందరినీ ఒకసారి చూసుకునేవారు. తల్లీకూతుళ్లు జంటగా కనిపిస్తే దగ్గరికెళ్లి, తిత్లీ అప్పుడు శ్రీకాకుళంలో ఉన్నారా అని అడిగేవారు. మాకు కొంచెం మొహమాటంగా ఉండేది.

టార్చి ఎర్రది, పెద్ద సైజు. వెనక మూత మీద గోళ్లరంగుతో "వి" అని రాసి ఉంది. బ్యాటరీలు మార్చాం, వెలుగుతోంది. వ్యాను అన్నయ్య గుర్తుపడితే కబురు చెయ్యండి, విజయనగరం నేనే వచ్చి ఇస్తాను, మందస కోవాతో. గొడ్డళ్ల బాబాయిలకు, పెట్రోలు తమ్ముడికి, అర గ్లాసు అమ్మకి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

పచ్చ చుడీదార్ చెల్లీ, నువ్వు ఇది చూస్తే ఒక్కటి చెప్పు. ఆ ఆదివారం మీ అమ్మగారికి చేశారా?