ఒక టిన్ను నీళ్ళు, రెండు కార్లు

అంబాజీపేట,
కార్తీక సోమవారం, రాత్రి పది దాటింది

ఒరేయ్ శీనూ,

పోయినసారి ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "గోదావరి పక్కన పుట్టి నీళ్ళు పొదుపు చేసే కార్ వాష్ వ్యాపారం పెట్టావేంట్రా" అని పకపకా నవ్వావు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వినట్టు వినపడింది. జవాబు చెప్పబోయేసరికి నీ మీటింగ్ మొదలైపోయింది. వాట్సాప్‌లో పెడితే రెండు లైన్లు చదివి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు. కాగితం మీద రాస్తే మా చెల్లెమ్మ అయినా నీ చేత పూర్తిగా చదివిస్తుందని ఈ ఉత్తరం.

అమ్మ బాగుంది, మోకాళ్ళు తప్ప. నువ్వు పంపిన ఆయింట్‌మెంట్ రాసుకుని "శీనుగాడు పంపాడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నొప్పి తగ్గిందా అంటే మాత్రం చెప్పదు.

ఇవాళ ఆరు కార్లు చేశాను. కార్తీక సోమవారాలు నాకు సంక్రాంతికి ముందొచ్చే చిన్న సంక్రాంతి. పంచారామాలు ఒక్కరోజులో చుట్టి రావాలని తెల్లవారుజామున బయలుదేరిన కార్లు అర్ధరాత్రి ఇల్లు చేరతాయి. బంపర్ నిండా చచ్చిన పురుగులు, సీట్ల సందుల్లో విభూతి, కొబ్బరి ముక్కలు, పులిహోర మెతుకులు. దానికి తోడు ఊళ్ళల్లో కోతలు. రోడ్డు సగం ధాన్యం ఆరబోతే కదా, ఆ నూగు వచ్చి కారు మీద వాలిందంటే గుడ్డ పెట్టి తుడవడానికి కూడా భయమేస్తుంది.

నా సరంజామా నువ్వు చూడలేదు కదా. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో ఒకటి. రాత్రి ఛార్జింగ్ పెడితే పొద్దున్న డెబ్భై కిలోమీటర్లు తిరుగుతుంది, అంటే అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కలకు చాలు. రాజోలు వైపు బుకింగ్ వస్తే మాత్రం లెక్క వేసుకోవాలి. వెనకాల రెండు బకెట్లు, యాభై మైక్రోఫైబర్ గుడ్డలు, వ్యాక్యూమ్, ఒక పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్. అవును, మన చేలల్లో మందు కొట్టే స్ప్రేయరే. కారు కోసమే కొత్తది కొన్నాను, దాంట్లో ఒక్క చుక్క పురుగుమందు పడనివ్వలేదు. మొదటి వారం దాన్ని భుజానికి తగిలించుకుని ఒకాయన కారు చుట్టూ తిరుగుతుంటే, గట్టు మీద పోతున్న పెద్దాయన సైకిలాపి "ఏం అబ్బాయ్, కారుకి దోమపోటు తగిలిందా?" అని అడిగాడు. ఆ పేరు ఊరంతా పాకింది. ఇప్పటికీ కొందరు నన్ను "కార్ల మందు కుర్రోడు" అనే పిలుస్తారు.

పని ఎలా ఉంటుందంటే, ముందు ఆ స్ప్రేయర్‌తో కారంతా తడిపి దుమ్ము నాననివ్వాలి. తర్వాత పది లీటర్ల నీళ్ళలో కారు శుభ్రం చేసే మందు నలభై మిల్లీలీటర్లు కలుపుతాను. ఇది షాంపూలా నురగ రాదు. అందులో ఉన్న పాలిమర్ దుమ్ము రేణువు చుట్టూ చేరి, అది పెయింట్‌ని గీరకుండా జారేలా చేస్తుంది. మళ్ళీ నీళ్ళు పోసి కడగక్కర్లేదు. గుడ్డని నాలుగు మడతలు వేస్తే ముందూ వెనకా కలిపి ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖంతో ఒక తుడుపు, అదీ గుండ్రంగా కాదు, నిలువుగా. ఎనిమిదీ అయిపోతే ఆ గుడ్డ పక్కన పడేసి ఇంకోటి. అదే గుడ్డని మళ్ళీ మళ్ళీ తిప్పి రుద్దడమే కార్ల మీద ఎండలో కనిపించే సాలెగూడు గీతలకి మూలం. పురుగులైతే తడి గుడ్డ కప్పి ఐదు నిమిషాలు నాననిచ్చి ఎత్తాలి. గీకకూడదు.

ఇప్పుడు నీ నవ్వు సంగతికి వస్తాను.

మనకి నీళ్ళు ఉన్నాయిరా, కాదనను. ఇంటి ముందు కాలువ, వెనక బోదె, వర్షాకాలం వస్తే ఇంట్లోకే గోదావరి. కానీ ఇక్కడ పుట్టినవాడివి, కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయో నీకు నేను చెప్పాలా? వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేది ఆ నీళ్ళతోనే కదా. చిన్నప్పుడు మనం ఈత కొట్టిన రేవులోకి ఇప్పుడు ట్రాక్టర్లూ, ఆటోలూ, కార్లూ దించి కడుగుతున్నారు. బట్టల సబ్బు పౌడర్ నురగ, గ్రీజు, డీజిల్ రంగులు నీళ్ళ మీద తేలుతూ పోతాయి. దానికి చేలల్లోంచి వచ్చే ఎరువూ తోడైతే గుర్రపుడెక్కకి పండగే. నిరుడు మన లాకుల దగ్గర అది ఎంత దట్టంగా పట్టిందంటే, కుక్క ఒకటి నేలే అనుకుని నడిచి మునిగింది. పైకి లాగాంలే, బతికింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసి ఈ కాలువల్లోకి నీళ్ళు పంపాడని కాటన్ దొర విగ్రహానికి ఏటా దండ వేస్తాం. దండ వేసి వస్తూ వస్తూ అదే కాలువలో కారు దించేవాళ్ళని నా కళ్ళతో చూశాను.

ఇంకో సంగతి. కాలువలు కట్టేశాక మిగిలేది బోరు నీళ్ళు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ అవి ఉప్పు. ఆ నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మచ్చలు పడతాయి, నల్ల కారైతే మశూచి వచ్చినట్టే. అందుకని నేను వాటర్ ప్లాంట్ నుంచి ఇరవై లీటర్ల టిన్ను కొంటాను. మామూలు దుమ్మైతే, తడపడంతో సహా ఒక టిన్నులో రెండు కార్లు అయిపోతాయి. మన ఇంటి మోటారు పైపు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి చూశాను, నిమిషంలో నిండింది. పైపు పట్టుకుని పావుగంట కారు కడిగితే మూడు వందల లీటర్లు. గోదావరి జిల్లావాడు కారు కడగడానికి నీళ్ళు కొంటున్నాడంటే నవ్వు రావాల్సిందే, నువ్వు నవ్వినందుకు కోపం లేదు.

కానీ ఈ కథ చెబితే వ్యాపారం నడవదురా. మొదట ఆటో మీద "పర్యావరణ హిత కార్ వాష్, నీటిని కాపాడుదాం" అని పచ్చరంగులో పెద్దగా రాయించాను. నెలలో నాలుగు ఫోన్లు. అందులో ఒకాయన "మా పెళ్ళికి మొక్కలు పంచుతారా?" అని అడిగాడు. విసుగొచ్చి చెరిపించి "మీ ఇంటి దగ్గరకే వస్తాం, కారుకి గీత పడదు" అని రాయించాను. ఆ వారమే పదకొండు ఫోన్లు. రొయ్యల చెరువుల రైతులు లక్షలు పోసి కొన్న బండ్లు, వాళ్ళకి కావలసింది గీత పడకపోవడం. నాకు కావలసింది కాలువలో నురగ పడకపోవడం. ఇద్దరికీ పని జరుగుతోంది, కారణం ఒకటే కావాలని ఏముంది?

దెబ్బలు తిననిదే ఇవన్నీ రాలేదు. మొన్న దసరాకి జరిగింది విను. ఆయుధ పూజ చేసిన తెల్ల కారు, బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం. అప్పటికి నా మందు అయిపోయింది. ఎవరో ఇచ్చిన ఘాటు సబ్బు ద్రావణం కొట్టాను. కొట్టీ కొట్టగానే పసుపు కాస్తా ఎర్రగా, నెత్తురులా మారింది! ఆ ఇంటి పెద్దావిడ గడపలో నిలబడి చూస్తోంది. "అయ్యో అయ్యో, అపశకునం" అని ఒకటే గోల. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, పారాణి నీళ్ళు అలాగే కదమ్మా కలుపుతారు, సబ్బులోనూ అలాంటి క్షారమే ఉందండీ అని చెప్పి, ఒక నిమ్మచెక్క అడిగి పిండాను. మళ్ళీ పసుపుపచ్చగా అయింది. ఆవిడ నన్ను చూసిన చూపు మంత్రగాణ్ణి చూసినట్టుంది. మిగిలిన లేత మరక పోవడానికి మాత్రం రెండు రోజులు ఎండలో పెట్టమన్నాను. పసుపు రంగు ఎండకి దానంతటదే పోతుంది. పోయింది కూడా. ఆవిడే ఇప్పుడు నాకు వాళ్ళ వీధి మొత్తం ఇప్పించింది.

నవ్వు రానిది ఇంకోటి. చేలోకి దిగి వచ్చిన నల్ల కారు, చక్రాల పై వరకూ బంక మట్టి. ఆ తొందరలో ఎక్కువ తడపకుండానే గుడ్డ వేశాను. మట్టిలో ఇసుక ఉంది. తలుపు పొడవునా గీతలు. ఓనరు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. రెండు రోజులు కూర్చుని పాలిష్ పట్టి ఊరికే చేసిచ్చాను. అప్పట్నుంచి బురద కారు వస్తే ముందే చెప్పేస్తున్నాను, దీనికి అర టిన్ను కాదు, మూడు టిన్నులు పడతాయని. నీళ్ళు తగ్గించాలని బురదని ఆరబెట్టి తుడవకూడదు. మొండితనానికీ పొదుపుకీ తేడా ఆ తలుపు దగ్గరే తెలిసింది.

రొయ్యల కథ చెప్పకపోతే అమ్మ ఊరుకోదు, ఎందుకంటే గెలిచింది ఆవిడ. అంతర్వేది నుంచి ఒకాయన డిక్కీలో ఐసు వేసి రొయ్యలు తెచ్చుకున్నాడు. ఐసు కరిగి కార్పెట్ కింద ఫోమ్‌లోకి దిగింది. మూడు రోజులు తలుపులు మూసి ఎండలో పెట్టాడు. నేను తలుపు తీసి, వెంటనే మూసేశాను. వంటసోడా చల్లాను, వాసన అలాగే ఉంది. మళ్ళీ చల్లాను, అలాగే ఉంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "చేపలు కడిగేటప్పుడు సోడా వేస్తామా, చింతపండు వేస్తామా?" అంది. నిజమే! నీచు వాసన క్షారం జాతిదే, దానికి పులుపే విరుగుడు. కార్పెట్ ఎత్తి, నీళ్ళు కలిపిన వెనిగర్ పట్టించి, తుడిచి, ఎండబెట్టాను. రెండో రోజుకి పోయింది. ఇప్పుడు వానాకాలం సీట్‌బెల్టుల మీద పట్టే బూజుకి కూడా అదే వాడుతున్నాను.

అంతా శుభ్రమే అనుకుంటావేమో, అదీ కాదు. గుడ్డలు ఉతకాలి కదా. రోజుకి ముప్ఫై గుడ్డలు, మెషిన్ ఒక విడతకి అరవై లీటర్లు తాగుతుంది. ఆ లెక్క కలపకుండా "కారుకి పది లీటర్లు" అని గొప్పలు చెప్పుకోవడం నాకే సిగ్గనిపిస్తుంది. పైగా మైక్రోఫైబర్ అంటే ఎక్కువ భాగం పాలియెస్టరే, ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు రాలతాయి. మెషిన్ పైపుకి నైలాన్ సాక్సు కట్టాను, వారానికోసారి తీస్తే బూడిద రంగు ముద్ద చిక్కుతుంది. చిక్కనిది ఎంత పోతోందో తెలియదు. బకెట్ మురికి నీళ్ళు డ్రమ్ములో పోసి తేర్చి, అడుగు మట్టి వేరే గోతిలో వేస్తాను. అందులో బ్రేకుల పొడి ఉంటుంది, కొబ్బరి పాదుల్లో పోయమని అమ్మ అన్నా పోయను. కారు కింద తుప్పు పట్టకుండా డీజిల్ కొట్టమని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొట్టనంటే కోపగించుకుని వేరేచోటికి పోతారు. పోనీ. డీజిల్‌కి రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడైపోతాయని చెప్పినా వినరు.

డబ్బుల సంగతి అడగాలని నీకు ఉంటుంది, మొహమాటపడతావు. చిన్న కారుకి నాలుగు వందలు, పెద్దదానికి ఆరు వందలు, లోపలంతా చేస్తే పదిహేను వందలు. అన్నీ పోను మంచి నెలలో ముప్ఫై వేలు మిగులుతున్నాయి. ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే పన్నెండు వేలు కూడా కష్టం. వానలో కారు కడిగించుకునేవాడెవడు? నువ్వు ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానన్నావు చూడు, ఆ ముక్క విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, సంతోషమో టెన్షనో తెలియదు. వస్తే ఒక్కడికి చాలే పని ఇద్దరం పంచుకోవాలి. వానాకాలం చూసి మాట్లాడదాం. ముందు సంక్రాంతికి వారం సెలవు పెట్టి వచ్చి నా పక్కన పని చెయ్యి. భోగి లోపు హైదరాబాద్ కార్లు వందలకొద్దీ దిగుతాయి, ఒంటి చేత్తో అయ్యే పని కాదు. మూడో రోజుకి నీ నడుము ఏమంటుందో విని అప్పుడు రాజీనామా సంగతి ఆలోచించు. కనుమ రోజు మాత్రం పని లేదు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాల్సిందే.

వచ్చేటప్పుడు పెద్ద గుడ్డలు ఒక డజను తెచ్చిపెట్టు, అక్కడ చవక. డబ్బులు ఇస్తాను. నీ కారుకి కూడా డబ్బులు తీసుకుంటాను, ముందే చెప్తున్నా.

రావులపాలెం దాటగానే ఫోన్ చెయ్యి. కారు మాత్రం మా కొబ్బరి చెట్టు కింద పెట్టకు. పోయినేడాది మీ బావ పెట్టాడు, మట్ట పడి అద్దం పోయింది.

నీ,
బుజ్జిగాడు