పదకొండు నెలల గుత్తకు పూడికమట్టి ఎవరు తోలతారు?

సంపాదకులకు,

ఏటా ఖరీఫ్ ముందు, గుత్తదారులకు (కౌలు రైతులకు) పదకొండు నెలల గడువుతో ఇచ్చే కౌలు కార్డుల మీద వచ్చే వార్తలన్నీ ఒక్కచోటే ఆగిపోతున్నాయి: బ్యాంకు అప్పు ఇచ్చిందా, లేదా. అప్పు సంగతి సరే, ఆ చేను సంగతి అడిగేవాళ్లే లేరు. పలమనేరు నుంచి కుప్పం దాకా గుత్తకిచ్చిన మెట్ట చేలను, పక్కనే సొంత సేద్యంలో ఉన్న వాటితో పోల్చి చూడండి. గెనిమలు (చేని గట్లు) తెగి, పైమట్టి కొట్టుకుపోయి, గులకరాళ్లు తేలినది ఎక్కువగా గుత్త చేనే. అది గుత్తదారు సోమరితనం అనుకుంటే పొరపాటు. అతని లెక్క సరిగ్గానే ఉంది, కాగితం మీది గడువే తప్పు.

శెనక్కాయ పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటే అతను వేస్తాడు. ఫలితం ఆ పంటలోనే, కాయ నిండుదనంలో కనిపిస్తుంది. పశువుల ఎరువు ఎకరాకు 4 టన్నులు తోలమంటే కాస్త ఆలోచిస్తాడు, దాని బలంలో కొంత వచ్చే పంటకు పోతుంది కదా. చెరువు పూడికమట్టి మాటెత్తితే తల అడ్డంగా ఊపుతాడు. ఎకరా మీద అంగుళం మందాన పరవాలంటే దాదాపు 100 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 33 ట్రాక్టర్లు దాటుతుంది. ఎర్ర గరప నేలలో ఆ మట్టి తేమను పట్టి ఉంచేది కొన్నేళ్లపాటు. వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియనివాడు అన్ని ట్రాక్టర్ల బాడుగ ఎందుకు భరిస్తాడు?

పైగా జూన్‌లో రాసుకున్న పత్రం మే నెలలోగా ముగుస్తుంది. చెరువులు ఎండి పూడిక తీయడానికి వీలయ్యేదీ, గెనిమలు ఎత్తుకునేదీ, వేసవి దుక్కులు దున్నేదీ సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. మట్టిపని చేయాల్సిన కాలానికి గుత్తదారు మూట సర్దుకుంటూ ఉంటాడు.

కందకాలదీ ఇదే కథ. ఎకరా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2 లక్షల లీటర్ల నీరు. వాలుకు అడ్డంగా 50 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతున తీసిన కందకం నిండితే 25 వేల లీటర్లు ఆగుతాయి. కొంత నీరు చేనే తాగుతుంది గనక ఎనిమిది కందకాలు అవసరం లేదు. అయితే కంటి అంచనాతో తవ్వితేనే చిక్కు. ఒక కొన పల్లమైతే నీరంతా అక్కడికి చేరి గట్టు తెంపుతుంది, కందకం కాస్తా వంక అవుతుంది. రెండు కర్రలు, ఒక అడ్డకర్ర, తాడుకు కట్టిన రాయి ఉంటే సమమట్టం గుర్తించవచ్చు. ఎక్కువైన నీరు పోవడానికి రాళ్లు పేర్చిన దారి కూడా వదలాలి. ఇంత పనికీ యజమాని ఒప్పుకోవాలి. రేపు ప్లాట్లు వేద్దామనుకునే ఆసామికి కందకం అంటేనే గిట్టదు!

యజమానుల భయానికి చరిత్ర ఉంది. 1956 నాటి ఆంధ్రా ప్రాంత కౌలుదారీ చట్టం, తర్వాతి సవరణలతో, కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. ఫలితం? కాగితాలు పోయి నోటిమాటలు మిగిలాయి. అందుకే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకం అడిగి, గడువును 11 నెలలకు కుదించి, కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని తేల్చి చెప్పింది. అయినా సంతకానికి చేతులు రావడం లేదు. పన్నెండేళ్లు అనుభవిస్తే భూమి వాళ్లదైపోతుందని రచ్చబండ దగ్గర చెప్పుకునే మాట సగమే నిజం. యజమాని అనుమతితో సాగుచేసేవాడి అనుభవం ఆ లెక్కలోకి రాదు. ఆ అనుమతికి గట్టి రుజువు రాతపూర్వక ఒప్పందమే. అంటే నోటిమాట గుత్తే యజమానికి ఎక్కువ ప్రమాదం.

నేల మీద భరోసా దొరికితే రైతు ఏం చేస్తాడో బయటి దేశాల్లో చూడొచ్చు. ఇథియోపియాలోని అమ్హారా ప్రాంతంలో తక్కువ ఖర్చుతో భూమి పత్రాలు ఇచ్చాక రైతులు నేల కోత ఆపే పనుల మీద ఎక్కువ శ్రమ పెట్టారని అధ్యయనాలు చెబుతున్నాయి. నైజర్‌లో చెట్లు ప్రభుత్వానివి అన్నంతకాలం రైతులు మొలకలను దున్నేసేవారు. ఆ పట్టు సడలాక మరాడి, జిండర్ ప్రాంతాల్లో పాత మొదళ్ల చిగుళ్లను వాళ్లే కాపాడుకున్నారు. దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి.

ఇక్కడ కొత్త చట్టం కోసం కాచుకోనక్కర్లేదు. కార్డు ఒప్పందంతోపాటు ఇంకో కాగితం రాసుకుంటే చాలు: మట్టిపని ఖర్చు మూడేళ్లలో కరిగినట్టు లెక్క. ఉదాహరణకు పూడికకు 24 వేలు అయిందనుకుందాం. ఏడాదికే చేను వెనక్కి తీసుకుంటే యజమాని 16 వేలు తిరిగివ్వాలి, రెండేళ్లకు తీసుకుంటే 8 వేలు, మూడేళ్లు నిండితే ఏమీ లేదు. ట్రాక్టర్ల లెక్క, తేదీలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, పని ముందూ తర్వాతా ఫొటోలు ఉండాలి. ఇవి లేకుంటే రెండో ఏడు 'అన్ని ట్రాక్టర్లు ఎక్కడ తోలావు' అన్న తగవు తప్పదు. భూమి అమ్మినా, యజమాని పోయినా బాకీ ఎవరిదో కూడా రాయాలి. పూడికను ముందే మట్టి పరీక్షకు పంపాలి, ఉప్పు ఎక్కువుంటే తోలించకూడదు.

డీకేటీ పట్టా భూములకు, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన వాటికి, ఇది కుదరదు. 1977 అసైన్డ్ భూముల చట్టం నిషేధించిన బదలాయింపుల్లో కౌలు కూడా ఉంది. 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు దారి తెరిచినా, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా (22ఏ) లోంచి సర్వే నంబరు తొలగిందో లేదో చూసుకోకుండా సంతకం పెట్టకూడదు.

వ్యవసాయ శాఖ కార్డు దరఖాస్తుతోపాటు ఈ రెండో కాగితం నమూనాను కూడా రైతు సేవా కేంద్రాల్లో ఉంచాలి. అదీ జూన్‌లో కాదు, గుత్త మాటలు నడిచే ఉగాదికి ముందే.

— ఒక పాఠకుడు, పలమనేరు, చిత్తూరు జిల్లా