నీ మ్యాప్ చూశాక, గుడులపేట గురించి

ఒరేయ్ మామా,

నువ్వు నీ కథ కోసం గీసి పంపిన ఊరి మ్యాప్ రాత్రి పన్నెండింటికి తెరిచి రెండింటిదాకా చూస్తూనే ఉన్నాను. కోట, రెండు నదులు, వంతెనలు, చేపల బజారు, సమురాయ్‌ల వీధులు, అన్నీ బాగా కుదిరాయి. కాలేజీలో రికార్డు బుక్కుల వెనక పేజీల్లో నువ్వు గీసిన కోటలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళకి ఆ ఊరు ఒక కథలోకి వస్తోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. "గుడుల దగ్గరే ప్రాణం రావట్లేదురా, నువ్వు జపాన్‌లోనే ఉన్నావుగా, చెప్పు" అన్నావు. మెసేజ్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తా. నువ్వు గుడులన్నిటినీ ఊరి నడిబొడ్డున, కోట పక్కనే పెట్టావు. ఎందుకు పెట్టావో నాకు తెలుసు. మనం మధురై, శ్రీరంగం చూసినవాళ్ళం. మన కళ్ళకి నడుమ గుడి, చుట్టూ వీధులు, ఆ వీధుల చుట్టూ ఊరు. ఇక్కడి పాత కోట ఊళ్ళలో నడుమ ఉండేది కోట. గుడులు ఊరి అంచున, శత్రువు వచ్చే దారిలో ఉంటాయి. వాటిని అక్కడికి చేర్చింది ప్రభువుల భక్తి అనుకుంటాం కానీ, ఎక్కువ భాగం భయమేరా. ఆ భయాన్ని పట్టుకుంటే నీ పేట లేచి నిలబడుతుందని నా నమ్మకం.

ఈ పేటల్ని తెరామాచి అంటారు. తెరా అంటే బౌద్ధుల గుడి, మాచి అంటే పేట. మన మాటలో చెప్పాలంటే గుడులపేట. క్యోటోలో ఆ పేరుతో ఒక పొడుగాటి వీధే ఉంది. 1590 ప్రాంతంలో అప్పట్లో జపాన్‌ని ఏలుతున్న టొయొటోమి హిదెయోషి ఊళ్ళో చెల్లాచెదురుగా ఉన్న గుడుల్ని కదిలించి, తూర్పు అంచున వరసగా పెట్టించాడు. 1591లో ఊరి చుట్టూ 22 కిలోమీటర్ల పైచిలుకు మట్టికట్ట కూడా పోయించాడు. ఇప్పుడా వీధిలో సగం షాపులే. అయినా షాపుల మధ్యలోంచి ఉన్నట్టుండి ఒక గుడి గేటు కనిపిస్తుంది, లోపలికి రెండడుగులు వేస్తే సమాధి రాళ్ళు.

కానీ నీకు పనికొచ్చే ఊరు క్యోటో కాదు, కనజావా. జులైలో రెండు రోజులు సెలవు దొరికితే వెళ్ళొచ్చాను. నీ మ్యాప్‌లో లాగే అక్కడా రెండు నదులు, వాటి నడుమ కోట. సాయి నది దాటి దక్షిణాన ఒక గుడులపేట, అందులో 70 దాకా గుడులు. అసానో నది అవతల ఉతత్సు కొండ కింద ఇంకో 50 దాకా. కోటకి వెనకవైపు కొదత్సునో మెట్ట మీద మూడో గుంపు. కోట మీదికి ఎటునుంచి వచ్చినా ముందు గుళ్ళని దాటాల్సిందే. గుడికి మందమైన ప్రహరీ ఉంటుంది, బరువైన గేటు ఉంటుంది, వందలమంది పడుకునేంత పెద్ద మండపం ఉంటుంది, బావి ఉంటుంది. సైన్యానికి ఇంకేం కావాలి? మామూలు రోజుల్లో పూజలు, యుద్ధం వస్తే అదే దండు విడిది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆ ప్రభువులకి గుడి అంటే ఏమిటో బాగా తెలుసు. కనజావా ఉన్న "కాగా" అనే ప్రాంతంలో 1488లో జోదో షిన్షూ అనే బౌద్ధ శాఖని నమ్మిన రైతులు, చిన్న సమురాయ్‌లు, భిక్షువులు కలిసి అక్కడి పాలకుణ్ణి కూల్చేశారు. ఆ తర్వాత 90 ఏళ్ళకు పైగా ఆ నేలని వాళ్ళే ఏలుకున్నారు. రైతుల చేతిలో ఉన్న దేశం అని దానికి పేరు. వాళ్ళ పెద్ద గుడి ఎక్కడుండేదో తెలుసా? సరిగ్గా ఇప్పుడు కనజావా కోట ఉన్న చోట. 1580లో అది పడిపోయింది, 1583లో మయెదా తొషియే అనే సేనాని వచ్చి ఆ చోటినే తన కోట చేసుకున్నాడు. కోట పునాది కింద ఓడిపోయిన గుడి! కోట గోడల ముందు నిలబడి ఈ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది నాకు. నీ రాజు కూడా అలాంటి నేల మీదే కూర్చున్నాడనుకో, రాత్రిళ్ళు గంట మోగిన ప్రతిసారీ వాడికి నిద్ర పడుతుందా?

అప్పట్లో అందరికీ ఈ టెన్షనే. హిదెయోషికి ముందు పెత్తనం చేసిన ఓడా నొబునాగా 1571లో హియే కొండ మీది ఎన్‌ర్యాకుజి మఠాన్ని తగలబెట్టించాడు. ఒసాకాలోని హోంగాన్‌జి గుడితో 1570 నుంచి 1580 దాకా పదేళ్ళు పోరాడాడు. అంతటివాడూ చివరికి 1582లో క్యోటోలోని హొన్నోజి అనే గుడిలో విడిది చేసి ఉండగా, సొంత సేనాని అకెచి మిత్సుహిదే చుట్టుముడితే, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. హొన్నోజిని తర్వాత హిదెయోషి తెరామాచి వీధికి మార్పించాడు. ఆ గుడి పేరు రాసే అక్షరాల్లో ఒకదాన్ని ఇప్పటికీ మామూలుగా రాయరు. ఆ అక్షరంలో ఉండే ఒక ముక్క ఇక్కడివాళ్ళ "హి" అక్షరంలా ఉంటుంది, హి అంటే నిప్పు. మళ్ళీ మళ్ళీ కాలిపోయిన గుడి కదా, అందుకని ఆ ముక్కని మార్చి రాస్తారని చెప్తారు. ఇలాంటిది నీ ఊళ్ళో ఒక గుడికి తప్పకుండా పెట్టు.

ఇక కనజావా గుడులపేటలోని మ్యోర్యూజి గుడి. ఇక్కడ కాసేపు ఆగాలి. జనం దీన్ని నింజా గుడి అంటారు కానీ నింజాలతో దీనికేం సంబంధం లేదు. మయెదా వంశంలో మూడో ప్రభువు తొషిత్సునే 1643లో దీన్ని ఇప్పుడున్న చోటికి మార్పించి కట్టించాడు. మూడంతస్తులకు మించి కట్టకూడదని అప్పట్లో దేశాన్ని ఏలిన షోగన్ ప్రభుత్వం ఆంక్ష. దీన్ని బయటినుంచి చూస్తే రెండంతస్తులే. లోపల నాలుగంతస్తులు, వాటిలో మళ్ళీ మధ్య అరలు కలిపితే ఏడు అంచెలు, 23 గదులు, 29 మెట్లదారులు. ముందుగా బుక్ చేసుకుంటేనే లోపలికి పంపిస్తారు, ఫోటోలు తియ్యనివ్వరు. అందుకని కళ్ళతోనే మోసుకొచ్చాను, నీ కోసం.

నన్ను కదలనివ్వనిది ఒక మెట్లదారి. మామూలు చెక్క మెట్లే. కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువుగా ఉండే చోట చెక్కకి బదులు తెల్లటి కాగితం అంటించారు. మెట్ల వెనక చిన్న చీకటి గది. బయటి వెలుతురులో ఎవరైనా ఎక్కుతుంటే వాళ్ళ కాళ్ళ నీడ ఆ కాగితం మీద పడుతుంది. లోపల దాక్కున్నవాడు ఆ నీడ చూసి, కాగితంలోంచి ఈటెతో పొడుస్తాడు. నా ముందు నడుస్తున్న పిల్లాడి పాదాల నీడ ఆ కాగితం మీద ఒక్కో మెట్టూ ఎక్కడం చూశాను. దేవుడి ముందుకి వెళ్ళే దారిలో ఆ కాగితం! గుమ్మంలో హుండీ ఉంది, అది కూడా అవసరమైతే మనిషి పడే గొయ్యి అవుతుంది. 25 మీటర్ల లోతు బావి ఉంది, అందులోంచి కోటకి సొరంగం ఉందని చెప్పుకుంటారు. లోపలినుంచి తెరవడానికి వీల్లేని గది కూడా ఒకటుంది. ఓడిపోతే ప్రాణం తీసుకోవడానికట. ఇన్ని ఏర్పాట్లు చేసిన ఆ గుడిలో ఏ యుద్ధమూ జరగలేదు.

ఇప్పుడు నీ పేటలో మనుషుల్ని పెట్టాలి కదా. 1614లో క్రైస్తవాన్ని దేశమంతా నిషేధించాక, ఆ తర్వాతి కాలంలో ప్రతి కుటుంబమూ ఏదో ఒక గుడిలో పేరు రాయించుకోవడం తప్పనిసరైంది. "వీళ్ళు మా గుడివాళ్ళే, క్రైస్తవులు కారు" అని ఆ గుడి భిక్షువు రాసివ్వాలి. పెళ్ళి చేసుకుని వేరే ఊరికి వెళ్ళాలన్నా, దూర ప్రయాణం చెయ్యాలన్నా గుడి కాగితం కావాలి. అంటే గుడి ఆ కాలపు మండలాఫీసు! నీ కథలో ఆ అమ్మాయి పారిపోవాలనుకుంటోంది కదా, ముందు భిక్షువు ముద్ర సంపాదించాలి. ఆ భిక్షువు మంచివాడా, ఆశపోతా, పిరికివాడా అన్నదాన్ని బట్టి కథంతా మారుతుంది.

ఆ అమ్మాయికి ఇంకో దారి కూడా ఉంది. కామకురాలో తోకెయిజి అనే గుడి ఉంది, అప్పటి పాలకుడు హోజో తోకిమునే భార్య ఆయన పోయాక సన్యసించి 1285లో స్థాపించింది. మొగుడు విడాకులు ఇవ్వకపోతే ఆడవాళ్ళు ఆ గుడికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. లోపల మూడేళ్ళ లెక్కన ఉంటే విడాకులు దక్కేవి. వెనక మొగుడు తరుముకొస్తుంటే, చెప్పు తీసి గేటు లోపలికి విసిరినా చాలు, లోపలికి వచ్చినట్టే లెక్క అని చెప్పుకుంటారు. మామా, సైనికుల కోసం కట్టిన గుళ్ళ వరసలో ఇలాంటి గేటు ఒకటి పెట్టు. గేటు బయట మట్టిలో ఒక కాలికి చెప్పు లేకుండా నిలబడ్డ ఆడమనిషి. ఆ సీను నువ్వే రాయగలవు.

మిగతావి గబగబా చెప్తా. గుళ్ళ చుట్టూ పనివాళ్ళ ఇళ్ళుండాలి: సమాధి రాళ్ళు చెక్కేవాళ్ళు, అగరువత్తులవాళ్ళు, పూలవాళ్ళు, ఇళ్ళల్లో పెట్టుకునే పూజామందిరాలు చేసే వడ్రంగులు, వాటికి బంగారు రేకు అద్దేవాళ్ళు. జపాన్‌లో బంగారు రేకు దాదాపు అంతా తయారయ్యేది కనజావాలోనే. ఇక గంటలు. మన గుడి గంటలా లోపల నాలుక ఉండదు, బయటినుంచి తాళ్ళతో వేలాడదీసిన దుంగతో కొడతారు. మోత ఆగినా గుండెల్లో కాసేపు గుంయ్‌మంటూనే ఉంటుంది. కనజావా గుడులపేట గంటల మోతని 1996లో జపాన్ ప్రభుత్వం దేశంలో కాపాడుకోవలసిన 100 శబ్దాల్లో ఒకటిగా ఎంచింది. నీ మ్యాప్‌లో ఒక్క శబ్దం కూడా లేదురా, చూసుకో.

ఒక సంగతి మాత్రం మనవాడిగా చెప్పాలి. ఈ గుళ్ళల్లో తిరుగుతుంటే మనవాళ్ళు పలకరిస్తూ ఉంటారు. వీణలాంటి వాయిద్యం పట్టుకుని నీళ్ళ పక్కన కూర్చునే బెంజైతెన్ మన సరస్వతి. ఎన్మా మన యముడు. వినాయకుడు కూడా ఉన్నాడు, ఆయన విగ్రహాన్ని మామూలుగా జనానికి చూపించరు. తోక్యోలో అసకుసా దగ్గర మత్సుచియామా గుడిలో ఆయనకి నైవేద్యం తెల్ల ముల్లంగి! సమాధుల వెనక పొడుగాటి చెక్కపలకలు నిలబెడతారు, వాటిని సోతోబా అంటారు. అది మన స్తూపం అనే మాటే. అమరావతి స్తూపం మనూరి పక్కనే ఉంది కదరా, ఆ మాట ఇంత దూరం నడిచొచ్చి ఇక్కడ గాలికి టకటకమని కొట్టుకుంటోంది. షింగోన్ శాఖ గుళ్ళల్లో ఆ పలకల మీద పాత భారతీయ లిపిలో ఖ, హ, ర, వ, అ అని అయిదు అక్షరాలు రాస్తారు, పంచభూతాలకి గుర్తుగా. ఇక కోట ఉన్న చోట ఓడిపోయిన ఆ రైతుల శాఖకి ఏడుగురు మూల గురువులు, వాళ్ళలో మొదటివాడు మన నాగార్జునుడు. ఇక్కడ ర్యూజు అంటారు. నాగార్జునకొండకి మనం వెళ్ళిన కాలేజీ ట్రిప్పు గుర్తొచ్చి, అప్పుడే నీకు ఫోన్ చెయ్యబోయాను. అక్కడ మీకింకా తెల్లవారలేదని ఆగాను.

రెండో రోజు సాయంత్రం సన్నగా వాన. కనజావాలో అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోవద్దంటారు. అక్కడి పాత ఊళ్ళో పెద్దల పండగ జులై మధ్యలోనే. సమాధుల ముందు కర్రచట్రానికి కాగితం అంటించిన చిన్న పెట్టెలు వేలాడుతున్నాయి, కిరికో అంటారు. దాని మీద ఒక పక్క బుద్ధుడి నామం, ఇంకో పక్క తెచ్చినవాళ్ళ పేరు రాస్తారు. చూసిపోయింది ఎవరో సమాధిలో ఉన్నవాళ్ళకి తెలియాలి కదా. ఒక ముసలమ్మ గొడుగు భుజం మీద ఆనించుకుని, చెక్క గరిటెతో రాయి మీద నీళ్ళు పోసింది, ఆ తర్వాత చేత్తో తుడిచింది, మనం పిల్లల నెత్తి తుడిచినట్టు. వాన పడుతున్నా సరే, నీళ్ళు పోసింది. ఆవిడ వెళ్ళేటప్పుడు పక్క సమాధికి కట్టిన కిరికో వంకరగా ఉంటే దాన్ని కూడా సరిచేసి వెళ్ళింది. ఆ వెనకే నాలుగడుగుల మందం ఉన్న ప్రహరీ, ఎప్పుడో ఏ సైన్యాన్నో ఆపాలని కట్టింది.

సరే, గుళ్ళని ఊరి అంచుకి తెచ్చి మళ్ళీ గీయి. దక్షిణపు వంతెన అవతల 20 గుడులు చాలు, అన్నిటికీ పేర్లక్కర్లేదు. మెట్లదారి బొమ్మ నాకు గుర్తున్నంత వరకు పెన్సిల్‌తో గీసి ఇందులోనే పెడుతున్నా. కాగితం ఎక్కడ అంటించారో బాణం గుర్తు పెట్టాను. కొత్త మ్యాప్ ముందు నాకే పంపాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అడిగానని చెప్పు.

నీ పాత రూమ్మేట్